మందు అణువుల్లో కుడిఎడమలు: స్టీరియోకెమిస్ట్రీని అడుగడుగునా నేర్పే మార్గదర్శి

400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ మాత్రలో నొప్పి మీద నేరుగా పనిచేసేది 200 మిల్లీగ్రాములే. మిగతా 200 కూడా ఐబుప్రొఫెనే. అందులోనూ 13 కార్బన్లు, 18 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లే ఉంటాయి. ఏ పరమాణువు దేనికి అతుక్కుని ఉందో ఒక్కొక్కటిగా సరిచూసుకున్నా తేడా దొరకదు. రెండు రకాలనూ విడదీసి కరిగించి చూస్తే కరిగే ఉష్ణోగ్రత కూడా ఒకటే. తేడా అంతా ఒకే ఒక్క కార్బన్ దగ్గర ఉంది. దాని చుట్టూ ఉన్న నాలుగు గ్రూపులు ఏ వరసలో తిరిగి ఉన్నాయన్నదే ఆ తేడా.

అణువులో గ్రూపుల త్రీడీ అమరికను చదివే పాఠమే స్టీరియోకెమిస్ట్రీ. ఫార్మసీ, కెమిస్ట్రీ చదివేవాళ్లలో చాలామంది ఈ పాఠం దగ్గరకు రాగానే టెన్షన్ పడతారు. కష్టం నిజంగా పాఠంలో ఉందని నేను అనుకోను. మూడు వేర్వేరు ప్రశ్నల్ని ఒకే ప్రశ్నగా చదవడం వల్లే చిక్కు వస్తుంది. అణువులో గ్రూపుల అమరికకు ఏ పేరు పెట్టాలి? అది కాంతిని ఎటు తిప్పుతుంది? శరీరంలో ఏం చేస్తుంది? ఒకదాని జవాబు తెలిసినంత మాత్రాన ఇంకోదాని జవాబు తెలియదు. ఈ విడదీత మనసులో స్థిరంగా ఉంచుకుంటే మిగతాదంతా సాధనే. కాగితం, పెన్సిల్ పక్కన పెట్టుకుని చదవండి. అణువుల మోడల్ కిట్ ఉంటే మరీ మంచిది.

## మొదటి అడుగు: కాగితం మీది బొమ్మని త్రీడీలో చూడడం

నాలుగు ఏకబంధాలున్న కార్బన్ చదునుగా ఉండదు. బంధాలు నాలుగూ చతుర్ముఖి మూలల వైపు, సుమారు 109.5 డిగ్రీల కోణంలో విచ్చుకుని ఉంటాయి. ఈ సంగతిని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ ఎవరికి వారు విడిగా ప్రతిపాదించారు. అప్పటికి పరమాణువును కళ్లతో చూసినవాళ్లు లేరు. ఎన్ని ఐసోమర్లు, అంటే అవే పరమాణువులతో వేరే అమరిక ఉన్న పదార్థాలు, దొరుకుతున్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కకు సరిపోయే ఆకారం ఇదేనని తేల్చారు.

కాగితం మీద ఈ ఆకారాన్ని చూపడానికి మూడు రకాల గీతలు వాడతాం. మామూలు గీత కాగితం తలంలోనే ఉన్న బంధం. ఒక చివర సన్నగా మొదలై రెండో చివరకు లావెక్కే నల్లటి గీత, అంటే వెడ్జ్, మీ వైపుకి పొడుచుకు వస్తున్న బంధం. ముక్కలు ముక్కలుగా గీసిన డ్యాష్ గీత కాగితం వెనక్కి పోతున్న బంధం. వెడ్జ్ సన్నటి కొన ఏ పరమాణువు దగ్గర ఉందో దాన్ని గురించే ఆ గీత చెబుతోంది. కొత్తవాళ్లు లావు చివర వైపు చూసి పొరబడుతుంటారు.

మందుల బొమ్మల్లో సాధారణంగా హైడ్రోజన్‌ని గీయరు. ఒక కార్బన్ దగ్గర రెండు మామూలు గీతలు, ఒక వెడ్జ్ కనబడితే, కనబడని హైడ్రోజన్ డ్యాష్ మీద వెనక్కి ఉన్నట్టు. కనబడేది డ్యాష్ అయితే హైడ్రోజన్ మీ వైపు ఉన్నట్టు. బొమ్మ చూసిన ప్రతిసారీ ఆ హైడ్రోజన్‌ని పెన్సిల్‌తో గీసుకోండి. అలవాటయ్యాక కూడా మానొద్దనే నా సలహా.

అణువుని అడ్డ, నిలువు గీతల శిలువలా గీసే ఫిషర్ బొమ్మలకు ఒకే నియమం: అడ్డగీతలు మీ వైపుకి, నిలువు గీతలు వెనక్కి. ఆ బొమ్మని కాగితం మీదే 180 డిగ్రీలు తిప్పొచ్చు. 90 డిగ్రీలు తిప్పితే మాత్రం అణువే మారిపోతుంది.

## రెండో అడుగు: కైరల్ సెంటర్లను వెతకడం

కుడి, ఎడమ చేతుల్లా తన అద్దపు ప్రతిబింబంతో సరిగ్గా కలవని ఆకారాన్ని కైరల్ అంటారు. ఒక కార్బన్‌కి నాలుగు వేర్వేరు గ్రూపులు ఉంటే అది కైరల్ సెంటర్. వెతుకులాటలో ముందు కానివాటిని తీసేయడం తేలిక. ద్విబంధంలో ఉన్న కార్బన్ కాదు, బెంజీన్ వలయంలోది కాదు, రెండు హైడ్రోజన్లు ఉన్నది కాదు, మూడు హైడ్రోజన్లు ఉన్న మిథైల్ అసలే కాదు. ఇవి కొట్టేశాక మిగిలేవి సాధారణంగా రెండో మూడో ఉంటాయి.

మిగిలినవాటి దగ్గర తొందరపడకూడదు. సెట్రిజైన్‌నే తీసుకోండి. దాని మధ్య కార్బన్‌కి ఒక నైట్రోజన్, ఒక హైడ్రోజన్, రెండు బెంజీన్ వలయాలు ఉన్నాయి. రెండూ వలయాలే కదా అని వదిలేస్తే తప్పు. ఒక వలయం చివర క్లోరిన్ ఉంది, రెండోదానికి లేదు. ఆ ఒక్క క్లోరిన్ వల్ల అవి వేర్వేరు గ్రూపులు అయ్యాయి, మధ్య కార్బన్ కైరల్ అయింది. పక్క పరమాణువుతో ఆగకుండా గ్రూపు చివరి దాకా వెళ్లి చూడాలన్నది ఇందుకే.

కార్బన్ వలయంలో భాగమైతే ఆ కార్బన్ నుంచి వలయం వెంట రెండు దారుల్లోనూ నడిచి చూడండి. రెండు దారుల్లో ఒకే వరసలో ఒకే పరమాణువులు తగిలితే అవి ఒకే గ్రూపు కింద లెక్క. దారిలో ఎక్కడ తేడా వచ్చినా అవి రెండు గ్రూపులు.

## మూడో అడుగు: ఆర్ లేదా ఎస్ అని తేల్చడం

ఇక్కడ ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. కాన్, ఇంగోల్డ్, ప్రెలాగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు రూపొందించిన నియమాలివి.

సెంటర్‌కి నేరుగా అంటుకున్న నాలుగు పరమాణువులు చూడండి. పరమాణు సంఖ్య ఎంత ఎక్కువైతే ర్యాంకు అంత పైన. ఆక్సిజన్ నైట్రోజన్ కంటే పైన, నైట్రోజన్ కార్బన్ కంటే పైన, హైడ్రోజన్ అన్నిటికంటే కింద. రెండు చోట్ల ఒకే పరమాణువు ఉంటే, ఆ పరమాణువుకి అంటుకున్న మూడేసి పరమాణువుల్ని పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా రాసి పోల్చాలి. మొదటి తేడా ఎక్కడ వస్తే అక్కడితో తీర్పు అయిపోయినట్టే. ద్విబంధం ఉంటే అవతలి పరమాణువుని రెండుసార్లు లెక్కపెట్టాలి.

ర్యాంకులు వచ్చాక, నాలుగో ర్యాంకు గ్రూపుని మీకు దూరంగా, వెనక్కి ఉంచి చూడండి. ఒకటి, రెండు, మూడు అని చదివితే చూపు గడియారం ముల్లు తిరిగే దిశలో పోతే ఆర్. ఎదురు దిశలో పోతే ఎస్.

ఇప్పుడు ఐబుప్రొఫెన్‌తో చేసి చూద్దాం. కైరల్ కార్బన్‌కి ఒక కార్బాక్సిలిక్ ఆమ్లం గ్రూపు, ఒక బెంజీన్ వలయం, ఒక మిథైల్, ఒక హైడ్రోజన్ ఉన్నాయి. మొదటి మూడూ కార్బన్‌తోనే అంటుకున్నాయి కాబట్టి ఒక అడుగు ముందుకి వెళ్లాలి. ఆమ్లం గ్రూపు కార్బన్‌కి ఆక్సిజన్, ఆక్సిజన్, ఆక్సిజన్, ఎందుకంటే ద్విబంధంలోది రెండుసార్లు. వలయం కార్బన్‌కి కార్బన్, కార్బన్, కార్బన్. మిథైల్‌కి మూడు హైడ్రోజన్లు. కాబట్టి వరస: ఆమ్లం, వలయం, మిథైల్, హైడ్రోజన్.

కాగితం మీద మధ్యలో కైరల్ కార్బన్ పెట్టండి. ఆమ్లాన్ని పైన, గడియారంలో 12 దగ్గర గీయండి. వలయాన్ని ఎడమ కింద 8 దగ్గర, మిథైల్‌ని కుడి కింద 4 దగ్గర, హైడ్రోజన్‌ని డ్యాష్ మీద వెనక్కి పెట్టండి. ఇప్పుడు 12 నుంచి 8కి, అక్కడి నుంచి 4కి వెళ్లండి. గడియారానికి ఎదురు దిశ, అంటే ఎస్. నొప్పి తగ్గించేది ఈ ఎస్ ఐబుప్రొఫెనే. అదే బొమ్మలో హైడ్రోజన్‌ని వెడ్జ్ మీదకు తెస్తే, మీరు చూస్తున్నది తప్పు వైపు నుంచి. వచ్చిన జవాబుని తిరగేస్తే ఆర్.

హైడ్రోజన్ వెనకా లేక, ముందూ లేక మామూలు గీత మీద ఉంటే? దాన్ని డ్యాష్ మీద ఉన్న గ్రూపుతో చోటు మార్చి గీయండి. దిశ చదవండి. ఒకసారి రెండు గ్రూపుల చోటు మారిస్తే అమరిక తిరగబడుతుంది కాబట్టి, వచ్చిన జవాబుకి వ్యతిరేకమే అసలు జవాబు. బుర్రలో అణువుని తిప్పుకునే అవసరం లేకుండా ఈ పద్ధతి ఎప్పుడూ సరైన జవాబే ఇస్తుంది. పరీక్షలో నమ్ముకోదగ్గది ఇదే.

ఇక చాలామంది పడిపోయే గుంట ఎఫెడ్రిన్‌లో ఉంది. దాని మొదటి కైరల్ కార్బన్‌కి ఒక హైడ్రాక్సిల్, ఒక బెంజీన్ వలయం, నైట్రోజన్ మోస్తున్న ఇంకో కార్బన్, ఒక హైడ్రోజన్ ఉన్నాయి. హైడ్రాక్సిల్ మొదటిది, అనుమానం లేదు. రెండోది ఏది? వలయం కార్బన్‌కి కార్బన్, కార్బన్, కార్బన్. పక్క కార్బన్‌కి నైట్రోజన్, కార్బన్, హైడ్రోజన్. మూడు కార్బన్లు కలిపితే బరువెక్కువ కదా అని వలయానికి రెండో ర్యాంకు ఇచ్చేస్తారు. ఈ నియమంలో కూడికలు లేవు. మొదట పెద్దదానితో పెద్దదాన్ని పోల్చాలి. నైట్రోజన్ కార్బన్ కంటే పెద్దది, తీర్పు అక్కడే అయిపోయింది. ఆ వరసలో చివర హైడ్రోజన్ ఉందన్నది ఇక లెక్కలోకి రాదు. సిస్టీన్ అనే అమైనో ఆమ్లానిదీ ఇదే కథ. దాని పక్క గొలుసులోని సల్ఫర్ ఆమ్లం గ్రూపులోని మూడు ఆక్సిజన్లనూ దాటి పైకి పోతుంది. అందుకే మన ప్రొటీన్లలోని మిగతా మామూలు కైరల్ అమైనో ఆమ్లాలకు ఆల్ఫా కార్బన్ (ఆమ్లం గ్రూపు పక్క కార్బన్) దగ్గర ఎస్ వస్తే, సిస్టీన్‌కి ఆర్ వస్తుంది. అమరిక మాత్రం వాటిదే.

ఆర్, ఎస్ అన్నవి పేర్లే తప్ప గుణాలు కావని తేటగా చూపే జంట ఒకటుంది. ఆస్తమాకి వాడే సాల్బ్యుటమాల్‌లో పనిచేసేది ఆర్. బీటా బ్లాకర్ ప్రోప్రనోలాల్‌లో పనిచేసేది ఎస్. ఒకటి బీటా రిసెప్టర్లని (కణాల మీద మందు అంటుకునే ప్రొటీన్లని) ప్రేరేపించేది, రెండోది ఆపేది కాబట్టి ఆకారం కూడా తిరగబడి ఉండాలని అనిపిస్తుంది. గీసి చూడండి. హైడ్రాక్సిల్ 12 దగ్గర, నైట్రోజన్ ఉన్న చేయి 4 దగ్గర, వలయం వైపు చేయి 8 దగ్గర, హైడ్రోజన్ వెనక. సాల్బ్యుటమాల్‌లో వలయం నేరుగా కైరల్ కార్బన్‌కే అంటుకుని ఉంది కాబట్టి నైట్రోజన్ చేతికి రెండో ర్యాంకు. 12, 4, 8: ఆర్. ప్రోప్రనోలాల్‌లో వలయానికీ కైరల్ కార్బన్‌కీ మధ్య ఒక కార్బన్, ఒక ఆక్సిజన్ దూరాయి. ఆ ఆక్సిజన్ నైట్రోజన్‌ని దాటేసింది. ఇప్పుడు 12, 8, 4: ఎస్. రిసెప్టర్‌కి కనబడే అమరిక రెండింటిలోనూ ఒకటే. పేరు మాత్రం మారింది.

## నాలుగో అడుగు: రెండో సెంటర్ వచ్చినప్పుడు

కైరల్ సెంటర్లు ఎన్ని ఉంటే, రెండుని అన్నిసార్లు హెచ్చవేస్తే వచ్చేది గరిష్ఠ స్టీరియోఐసోమర్ల సంఖ్య. రెండు సెంటర్లకు 4. కొలెస్ట్రాల్‌కి వాడే సిమ్‌వాస్టాటిన్‌లో 7 ఉన్నాయి, కాబట్టి 128. అందులో మందు ఒక్కటే.

ఇలా వచ్చిన ఐసోమర్ల మధ్య సంబంధం చూడడం సులువు. అన్ని సెంటర్లూ తిరగబడితే ఆ రెండూ ఎనాన్షియోమర్లు, అంటే ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. కొన్ని తిరగబడి కొన్ని అలాగే ఉంటే డయాస్టీరియోమర్లు. ఆర్‌ఎస్, ఎస్‌ఆర్ ఎనాన్షియోమర్లు. ఆర్‌ఎస్, ఎస్‌ఎస్ డయాస్టీరియోమర్లు.

ఈ తేడా పరిభాష కోసం పెట్టింది కాదు. ఎనాన్షియోమర్లకు కరిగే ఉష్ణోగ్రత, ద్రావణీయత లాంటివి ఒకటే. డయాస్టీరియోమర్లకు అవన్నీ వేరు, పదార్థాల్ని వేరుచేసే మామూలు క్రొమటోగ్రఫీ కాలమ్‌లోనే (గొట్టంలోనే) విడిపోతాయి. ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్ ఇలాంటి జంటే. సింకోనా బెరడు నుంచి వచ్చే క్వినైన్, క్వినిడిన్ కూడా డయాస్టీరియోమర్లే. క్వినైన్‌ని మలేరియాకి వాడితే, క్వినిడిన్‌ని గుండె లయ తప్పినప్పుడు వాడారు.

అధిక రక్తపోటుకి ఇచ్చే లాబెటలాల్ ఇంకా ఆసక్తికరం. రెండు సెంటర్లు, నాలుగు ఐసోమర్లు, మాత్రలో నాలుగూ ఉంటాయి. బీటా రిసెప్టర్లని ఆపే పని ప్రధానంగా ఆర్‌ఆర్ రూపానిది. ఆల్ఫా రిసెప్టర్లని ఆపేది ఎస్‌ఆర్ రూపం. మిగతా రెండూ దాదాపు ఏమీ చేయవు. ఒకే మందుకి రెండు పనులు అని మనం చెప్పుకునేది నిజానికి ఒకే మాత్రలోని రెండు అణువుల పని.

సెంటర్లు రెండున్నా ఐసోమర్లు నాలుగు రాకపోవచ్చు. క్షయకి వాడే ఇథాంబ్యుటాల్‌లో రెండు సెంటర్ల చుట్టూ ఒకే నాలుగు గ్రూపులున్నాయి, అణువు రెండు సగాలూ ఒకేలా ఉంటాయి. ఆర్‌ఎస్, ఎస్‌ఆర్ అని రెండుగా రాసినా తిప్పి చూస్తే ఒకటే అణువు. దీన్ని మీసో రూపం అంటారు. సెంటర్లున్నా మొత్తం అణువు కైరల్ కాదు. కాబట్టి ఐసోమర్లు 3. క్షయ బాక్టీరియా మీద బలంగా పనిచేసేది ఎస్‌ఎస్ రూపం, మందుగా ఇచ్చేదీ అదే.

## ఐదో అడుగు: కార్బన్ కాని చోట్లు

స్టీరియోకెమిస్ట్రీ అంటే కార్బనే అనుకుంటే కొన్ని పేరున్న మందులు చేజారిపోతాయి. ఒమెప్రజోల్‌లో కైరల్ సెంటర్ సల్ఫర్. దానికి రెండు కార్బన్ గ్రూపులు, ఒక ఆక్సిజన్, ఒక ఒంటరి ఎలక్ట్రాన్ జంట ఉన్నాయి. ఆ ఒంటరి జంటే నాలుగో గ్రూపు, ర్యాంకులో అన్నిటికంటే కింద. నైట్రోజన్‌కీ ఒంటరి జంట ఉంది కదా అంటే, మామూలు అమీన్లలో అది గాలికి గొడుగు తిరగబడినట్టు క్షణక్షణానికీ తిరగబడుతూ ఉంటుంది. అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోం. నాలుగు గ్రూపులతో బిగిసిపోయిన నైట్రోజన్, వలయాల మధ్య ఇరుక్కున్న నైట్రోజన్ మాత్రం కైరల్ కావచ్చు.

ద్విబంధం తిరగదు కాబట్టి అక్కడా రెండు అమరికలు వస్తాయి. ద్విబంధంలోని ఒక్కో కార్బన్ దగ్గర పై ర్యాంకు గ్రూపు ఏదో చూసి, అవి రెండూ ఒకే వైపు ఉంటే జెడ్, ఎదురెదురుగా ఉంటే ఈ. రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే టామాక్సిఫెన్ జెడ్ రూపం. దాని ఈ రూపం ఈస్ట్రోజెన్‌ని అడ్డుకోకపోగా ఈస్ట్రోజెన్‌లాగే పనిచేసే వైపు మొగ్గుతుంది. క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌లో ప్లాటినం చుట్టూ చదును చతురస్రంలో రెండు క్లోరిన్లూ పక్కపక్కన ఉంటాయి. అవి ఎదురెదురుగా ఉన్న ట్రాన్స్‌ప్లాటిన్ మందుగా పనికిరాలేదు.

ఏకబంధం చుట్టూ అణువు తిరగడానికి రెండు పక్కలా పెద్ద గ్రూపులు అడ్డుపడితే, ఆ బంధమే కైరల్ అక్షంగా మారుతుంది. అమెరికాలో 2021లో అనుమతి పొందిన ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు సోటోరాసిబ్ ఈ రకం. బొమ్మలో కైరల్ కార్బన్లన్నీ గుర్తించేశాం, ఇక పని అయిపోయింది అనుకున్నప్పుడు ఇలాంటి బిగిసిన బంధం ఉందేమో ఒకసారి చూడండి.

## ఆరో అడుగు: కాంతిని తిప్పే దిశ, మందు పేరులోని ముందు ముక్క

కైరల్ అణువుల ద్రావణం గుండా తల ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని, పంపితే ఆ తలం కుడికో ఎడమకో తిరుగుతుంది. కుడి అయితే ప్లస్ లేదా డెక్స్‌ట్రో, ఎడమ అయితే మైనస్ లేదా లీవో. ఇది పరికరంతో కొలిచి చెప్పాల్సిన సంగతి. బొమ్మ చూసి, ఆర్ కాబట్టి కుడి అని చెప్పే దారి లేదు.

మందుల పేర్లే దీనికి సాక్ష్యం. డెక్స్‌ఐబుప్రొఫెన్ ఎస్ రూపం, కాంతిని కుడికి తిప్పుతుంది. లీవోఫ్లోక్సాసిన్ కూడా ఎస్ రూపమే, ఎడమకు తిప్పుతుంది. లీవోసెట్రిజైన్ ఆర్ రూపం, అదీ ఎడమకే. అంటే పేరు ముందు డెక్స్, లీవో అని ఉంటే అది కాంతి దిశ గురించిన మాట. ఎస్సిటాలోప్రామ్, ఎసొమెప్రజోల్, ఎస్కెటమిన్‌లలో ముందున్న ఎస్ మాత్రం అమరిక పేరే. ఆర్మోడాఫినిల్, ఆర్ఫార్మోటెరాల్‌లలో ఆర్ కూడా అంతే.

దీనికి తోడు పెద్దక్షరపు డీ, ఎల్ అనే పాత పద్ధతి చక్కెరలకు, అమైనో ఆమ్లాలకు ఇంకా వాడుకలో ఉంది. పార్కిన్సన్స్‌కి ఇచ్చే ఎల్‌డోపాలోని ఎల్ అదే. అదీ కాంతి దిశ కాదు. గ్లిసరాల్డిహైడ్ అనే చిన్న చక్కెర అమరికను ప్రమాణంగా పెట్టుకుని ఇచ్చిన పేరు. ఆ ప్రమాణానికి ఫిషర్ ఎంచుకున్న బొమ్మ రెండిట్లో ఒకటని తీసుకున్న ఊహే. 1951లో బైవూట్ బృందం ఎక్స్‌రేలతో టార్టారిక్ ఆమ్ల లవణం అసలు అమరికను తేల్చినప్పుడు ఆ ఊహ నిజమని తెలిసింది. తప్పని తేలి ఉంటే అప్పటిదాకా అచ్చయిన బొమ్మలన్నీ తిప్పి గీయాల్సి వచ్చేది.

## ఏడో అడుగు: శరీరంలో ఏం జరుగుతుందో అడగడం

మన ఎంజైములు, రిసెప్టర్లు ఒకే వైపు అమరిక ఉన్న అమైనో ఆమ్లాలతో కట్టినవి. కాబట్టి అవి కైరల్. ఒక కైరల్ రిసెప్టర్‌తో రెండు ఎనాన్షియోమర్లు కలిసినప్పుడు ఏర్పడే జోడీలు ఒకదానికొకటి ప్రతిబింబాలు కావు, డయాస్టీరియోమర్లు. వాటి శక్తి వేరు, పట్టు వేరు. మామూలు ద్రావణంలో ఏ తేడా చూపని రెండు రూపాలు రక్తంలోకి రాగానే వేర్వేరు పదార్థాల్లా ప్రవర్తించడానికి కారణం ఇంతే. బాగా పనిచేసే రూపాన్ని యూటోమర్ అని, రెండోదాన్ని డిస్టోమర్ అని అంటారు.

డిస్టోమర్ ఏం చేస్తుందన్నదే అసలు ప్రశ్న. దానికి ఒక్క జవాబు లేదు, మందు మందుకీ మారుతుంది. సెట్రిజైన్‌లో అది దాదాపు ఊరికే ఉంటుంది, అందుకే 10 మిల్లీగ్రాముల సెట్రిజైన్ చోట 5 మిల్లీగ్రాముల లీవోసెట్రిజైన్ సరిపోతుంది. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ దగ్గు మందు, దాని ప్రతిబింబం లీవోమెథార్ఫాన్ బలమైన ఓపియాయిడ్, అంటే నల్లమందు తరహా మందు. మత్తు ఇంజెక్షన్ బ్యుపివకైన్‌లో ఆర్ రూపం గుండెకి ఎక్కువ హాని చేస్తుంది, అందుకే ఎస్ రూపాన్ని విడిగా లీవోబ్యుపివకైన్‌గా తెచ్చారు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్‌లో ఎస్ రూపం బలం ఆర్ కంటే సుమారు 3 నుంచి 5 రెట్లు. పైగా కాలేయంలో ఎస్‌ని ప్రధానంగా విరగ్గొట్టేది సీవైపీ2సీ9 అనే ఎంజైమ్, ఆర్‌ని విరగ్గొట్టేవి వేరే ఎంజైములు. ఫ్లుకోనజోల్ లాంటి మందు సీవైపీ2సీ9ని అడ్డుకుంటే, బలమైన రూపమే రక్తంలో పేరుకుపోయి రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. రక్తంలో మొత్తం వార్ఫరిన్ ఎంతో చెప్పే అంకె ఒక్కటీ చూస్తే ఈ సంగతి సరిగా కనబడదు. ఒక మందు ఇంకో మందు పని మీద చూపే ప్రభావం గురించి చదివేటప్పుడు స్టీరియోకెమిస్ట్రీని పక్కన పెట్టకూడదని నేను గట్టిగా చెప్పేది ఇలాంటి చోట్ల వల్లే.

ఒమెప్రజోల్ ఎస్ రూపమైన ఎసొమెప్రజోల్ కథ ఇంకో రకం. కడుపులో యాసిడ్ తయారయ్యే చోటికి చేరాక రెండు రూపాలూ మారిపోయి ఒకే పదార్థం అవుతాయి, అందులో సల్ఫర్ ఇక కైరల్ కాదు. అంటే పని దగ్గర తేడా లేదు. తేడా కాలేయంలో ఉంది: ఎస్ రూపం నెమ్మదిగా విరిగి, రక్తంలో ఎక్కువగా నిలుస్తుంది.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి. ఇచ్చిన అమరిక శరీరంలో అలాగే ఉంటుందా? ఐబుప్రొఫెన్ ఆర్ రూపంలో గణనీయమైన భాగాన్ని మన ఎంజైములే ఎస్‌గా మార్చేస్తాయి. ఎస్ తిరిగి ఆర్ అవడం దాదాపు ఉండదు. అందువల్ల మొదట చెప్పిన ఆ రెండో 200 మిల్లీగ్రాములు పూర్తిగా వృథా కావు.

థాలిడోమైడ్ విషయంలో ఇదే ప్రశ్న ప్రాణాల మీది మాట. పశ్చిమ జర్మనీలో 1957లో నిద్రకీ, తర్వాత గర్భిణుల వికారానికీ వాడిన ఈ మందు వల్ల ప్రపంచంలో 10 వేల మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. 1961 నవంబరులో అక్కడ దాన్ని వెనక్కి తీసుకున్నారు. అవయవ లోపాలకు కారణం ఎస్ రూపమని చెబుతారు, అక్కడి నుంచి "ఆర్ ఒక్కటే ఇచ్చి ఉంటే ఇంత ఘోరం జరిగేది కాదు" అనే మాట పాఠాల్లో కూడా తిరుగుతోంది. అది నిజం కాదు. థాలిడోమైడ్ కైరల్ కార్బన్ మీది హైడ్రోజన్ పక్కనే కార్బోనిల్, అంటే ఆక్సిజన్‌తో ద్విబంధం ఉన్న కార్బన్, ఉంది. ఆ హైడ్రోజన్ శరీర ద్రవాల్లో ఊడి మళ్లీ అంటుకోగలదు, అంటుకునేటప్పుడు ఏ వైపు నుంచైనా అంటుకోవచ్చు. కొన్ని గంటల్లోనే ఆర్‌లోంచి ఎస్, ఎస్‌లోంచి ఆర్ వచ్చేస్తాయి. శుద్ధమైన ఆర్ ఇచ్చినా తల్లి ఒంట్లో రెండూ ఉంటాయి. అమెరికాలో ఆ మందు మార్కెట్‌లోకి రాకుండా ఆపిన ఫ్రాన్సెస్ కెల్సీ అడ్డుకున్నది కూడా కైరాలిటీ వాదనతో కాదు, భద్రతకు తగిన ఆధారాలు చూపలేదనే కారణంతో.

అందుకని ఏ మందు బొమ్మ చూసినా కైరల్ కార్బన్ మీద హైడ్రోజన్ ఉండి, పక్కన కార్బోనిల్ ఉంటే ఆగి ఆలోచించండి. అది స్థిరంగా ఉంటుందని ఊహించుకోకూడదు, పరీక్షించాలి. కొత్త కైరల్ మందు విషయంలో రెండు రూపాలనూ విడిగా కొలిచే పద్ధతిని ముందే సిద్ధం చేసుకోవాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1992లో ఇచ్చిన విధాన ప్రకటన కోరుతుంది.

## ఎనిమిదో అడుగు: ఒక్క రూపాన్నే పొందడం, ఎంత శుద్ధమో కొలవడం

1848లో లూయీ పాశ్చర్ సోడియం అమ్మోనియం టార్టరేట్ స్ఫటికాల్లో రెండు రకాల్ని ఆకారం చూసి చేత్తో ఏరి విడదీశాడు. అన్ని పదార్థాలూ అంత దయగా విడి విడి స్ఫటికాలుగా రావు. మామూలుగా చేసేది వేరు: రెండు రూపాలూ కలిసిన ఆమ్లానికి ఒకే రూపంలో ఉన్న కైరల్ క్షారాన్ని కలుపుతారు. ఏర్పడే రెండు లవణాలు డయాస్టీరియోమర్లు కాబట్టి ద్రావణీయత వేరు, ఒకటి ముందు స్ఫటికంగా దిగుతుంది. నాలుగో అడుగులో చెప్పిన తేడా ఫ్యాక్టరీలో పనికొచ్చేది ఇక్కడే. ఈ దారిలో సరుకులో గరిష్ఠంగా సగమే దక్కుతుంది, మిగతా సగాన్ని తిరిగి మిశ్రమంగా మార్చి మళ్లీ వాడగలిగితే తప్ప.

మొదటి నుంచీ ఒకే రూపం వచ్చేలా తయారుచేయడం మేలైన దారి. మోన్‌శాంటో అనే అమెరికా కంపెనీలో విలియం నోల్స్ కైరల్ ఫాస్ఫీన్ ఉన్న రోడియం ఉత్ప్రేరకంతో ఎల్‌డోపా తయారీకి దారి వేశారు. 2001 నోబెల్‌ని నొయోరి, షార్ప్‌లెస్‌లతో పంచుకున్నారు. ఈమధ్య ఎంజైములు ఆ చోటు తీసుకుంటున్నాయి. మధుమేహం మందు సిటాగ్లిప్టిన్‌లో ఆర్ అమీన్‌ని ఇప్పుడు మార్పులు చేసిన ట్రాన్స్‌అమినేజ్ ఎంజైమ్‌తో తయారుచేయగలుగుతున్నారు.

వచ్చిన సరుకు శుద్ధతను ఎనాన్షియోమెరిక్ ఎక్సెస్‌గా చెబుతారు. ఎక్కువ ఉన్న రూపం శాతంలోంచి తక్కువ ఉన్నదాని శాతం తీసేస్తే అదే. 99, 1 ఉంటే 98 శాతం. 90, 10 ఉంటే 80 శాతం, కాబట్టి ఎక్సెస్ 80 అని చూసి చెడు రూపం 20 ఉందనుకోకండి, ఉన్నది 10.

పొలారిమీటర్‌తో కొలిస్తే, సోడియం కాంతి దగ్గర, అంటే 589 నానోమీటర్ల దగ్గర తిరిగిన కోణాన్ని గొట్టం పొడవు డెసిమీటర్లలో, గాఢత మిల్లీలీటరుకి గ్రాముల్లో తీసుకుని రెండింటితోనూ భాగించాలి. వచ్చేది విశిష్ట భ్రమణం. శుద్ధమైన పదార్థానిది ప్లస్ 50, మీ నమూనాది ప్లస్ 40 వచ్చిందనుకుందాం, ఎక్సెస్ సుమారు 80 శాతం. కానీ ఈ అంకె ద్రావణి మారితే, ఉష్ణోగ్రత మారితే, కాస్త మలినం ఉంటే మారిపోతుంది. గుర్తింపు పరీక్షగా ఇది మంచిదే గానీ, ఒక శాతం లోపు చెడు రూపాన్ని పట్టాలంటే ద్రావణాన్ని ఒత్తిడితో కాలమ్ గుండా పంపి విడదీసే కైరల్ హెచ్‌పీఎల్‌సీయే నమ్మదగ్గది. అందులో కాలమ్ లోపలి పదార్థమే కైరల్, చాలావాటిలో సెల్యులోజ్ లేదా అమైలోజ్ నుంచి చేసినది. రెండు రూపాలూ దానికి వేర్వేరుగా అంటుకుని వేర్వేరు సమయాల్లో బయటికి వస్తాయి.

పద్ధతి సిద్ధం చేసేటప్పుడు రెండు రూపాలూ ఉన్న మిశ్రమాన్ని ముందు నడిపి, రెండు పీకులు (గ్రాఫులోని శిఖరాలు) స్పష్టంగా విడిపోతున్నాయని చూసుకోవాలి. ఆ పని చేయకుండా ఒకే పీకు వచ్చిందని సంతోషిస్తే, అది శుద్ధత వల్లో, కాలమ్ విడదీయలేకపోవడం వల్లో తెలియదు. ఆ తర్వాత అదే నమూనాని వాడుకలో తగిలే ఆమ్లత్వంలో, ఉష్ణోగ్రతలో కొంతకాలం ఉంచి మళ్లీ కొలవండి. చిన్న పీకు పెరుగుతూ పోతుంటే అణువు తిరగబడుతోందని అర్థం. థాలిడోమైడ్ లాంటి అమరిక ఉన్న ఏ అణువుకైనా మొదట చేయాల్సిన ప్రయోగం ఇదే.